మూడు సున్నాల సైన్సు

మనుషుల అంటురోగాలూ జంతువుల అంటురోగాలూ వేరు కావు, అన్ని రంగాలవాళ్లూ కలిసి పరిశోధించాలి అని తీర్మానించే సభలకు ఒక స్లైడ్ తప్పనిసరి. అందులో మూడు సున్నాలు చుట్టి ఉంటాయి. ఒకదాంట్లో మనిషి, ఒకదాంట్లో ఆవు, మూడోదాంట్లో చెట్టు. మూడూ కలిసేచోట 'వన్ హెల్త్' అని రాసి ఉంటుంది. ఈ రంగంలో ఇంతవరకూ అభిప్రాయభేదాలు లేకుండా కలిసినవి ఆ మూడు సున్నాలే.

సభ ఎలా జరుగుతుందో మీకు తెలియంది కాదు. వేదిక మీద ఒక డాక్టరుగారు, ఆయన పక్కన ఇంకో డాక్టరుగారు, వాళ్లిద్దరినీ పరిచయం చేయడానికి మూడో డాక్టరుగారు. పశువైద్యుడికి భోజనానికి ముందు ఐదు నిమిషాలు. అడవి జంతువుల పరిశోధకుణ్ణి వరండాలో పోస్టర్ అంటించుకోమంటారు. మొదటి గంటలో, ఆవు సున్నా మనిషి సున్నా కన్నా కాస్త పెద్దగా ఉందని అభ్యంతరం వస్తుంది. సబ్ కమిటీ వేస్తారు. తర్వాత వైరస్‌లు మోసుకుతిరిగే గబ్బిలం చర్చకు వస్తుంది. దాన్ని ఆవు పక్కన పెట్టాలా, చెట్టు పక్కనా? ఎవరూ పెంచుకోరు కనుక పశువైద్య శాఖది కాదు. ఓపీ చీటీ తీసుకోలేదు కనుక ఆరోగ్య శాఖదీ కాదు. చెట్టుకు వేలాడుతుంది కనుక అటవీ శాఖదేనని ఒకరంటారు. వేలాడుతున్నప్పుడు సరే, ఎగిరేటప్పుడు ఎవరిదని ఇంకొకరు నిలదీస్తారు. గబ్బిలాన్ని వచ్చే సభకు వాయిదా వేస్తారు. అప్పటిదాకా ఎవరికీ సోకవద్దని వైరస్‌కు మెమో పంపుతారు కాబోలు.

మనిషి వైద్యానికీ పశువైద్యానికీ మధ్య గీత ఉండకూడదని జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 19వ శతాబ్దంలోనే అన్నాడు. ఆయన మాట మన్నించి గీత చెరిపేశారు. ఆ స్థలంలో గోడ కట్టారు.

1999లో న్యూయార్క్‌లో జనానికి మెదడువాపు వచ్చింది. అదే సమయంలో కాకులు రాలిపడ్డాయి, బ్రాంక్స్ జూలో ఫ్లెమింగోలు చచ్చిపోయాయి. మనుషులకు వచ్చింది సెయింట్ లూయిస్ ఎన్‌సెఫలైటిస్ అనే పాత రకం మెదడువాపేనని పెద్దలు ప్రకటించారు. ఆ వైరస్ మామూలుగా పక్షుల్ని చంపదే, మరి ఇవెందుకు చస్తున్నాయని జూలోని పశువైద్య పాథాలజిస్ట్ ట్రేసీ మెక్‌నమారా పట్టుబట్టారు. పక్షుల గోల మనకెందుకని మొదట ఎవరూ చెవిన పెట్టలేదు. చివరికి తేలింది వెస్ట్ నైల్ వైరస్, అమెరికా ఖండాల్లో అదివరకెన్నడూ కనబడనిది. కాకులు మాత్రం ఏం చేస్తాయి? చచ్చి మరీ చెప్పాయి.

మలేసియాలో 1998-99లో పందుల దగ్గు మైలు దూరం వినిపించిందంటారు. వాటి దగ్గర పనిచేసేవాళ్లు వరసగా పడిపోయారు. దోమలు అంటించే మెదడువాపు, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకుని దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. అది నిపా అనే కొత్త వైరస్, పండ్లు తినే గబ్బిలాల నుంచి పందులకు పాకింది. వందమందికి పైగా చనిపోయారు, సుమారు 10 లక్షల పందుల్ని చంపేశారు. దోమలు మాత్రం ఏ పాపమూ ఎరగకుండా పోయాయి.

ఇవి కొత్త వైరస్‌లు, తెలియక జరిగాయి, సరే. రేబీస్ సంగతేమిటి? పాశ్చర్ టీకా వచ్చింది 1885లో. మనుషులకు అది దాదాపు ఎప్పుడూ కుక్క కాటు వల్లే వస్తుందని తెలుసు. కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తూ పోతే వ్యాప్తి ఆగుతుందనీ తెలుసు. ఇందులో తేలాల్సిన రహస్యం ఏదీ లేదు. అయినా ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది చనిపోతున్నారని అంచనా. అందులో పదికి నలుగురు పదిహేనేళ్లలోపు పిల్లలు. లక్షణాలు బయటపడ్డాక ఇక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు, గుక్కెడు నీళ్లు కూడా మింగలేక వణికే బిడ్డను తల్లి చూస్తూ కూర్చోవడం తప్ప.

ఎందుకిలా అంటే, కుక్కకు టీకా వేస్తే ఖర్చు పశువుల పద్దులో పడుతుంది, బతికిన పిల్లల లెక్క ఆరోగ్యం పద్దులో కనబడుతుంది. పక్కవాడి పద్దు బాగుపడటానికి మన డబ్బు ఎందుకు పెట్టాలి? సిగ్గులేని లెక్క ఇది. కుక్కకు వేసే ఒక్క సూది ఖరీదు, కరిచాక మనిషికి వేసే టీకాల, సీరమ్ (వైరస్‌ను అప్పటికప్పుడు అడ్డుకునే మందు) ఖరీదులో చిన్న ముక్క. ఏళ్ల తరబడి ఆ రెండో బిల్లే కడుతున్నాం, అది కట్టలేని ఇళ్లలో పిల్లల్ని పూడుస్తున్నారు.