‘పదిహేను నిమిషాల్లో డిన్నర్ రెడీ’ గారికి

ఫోన్ తెరిస్తే చాలు ఎదురయ్యే వంట వీడియో, మహారాజశ్రీ ‘పదిహేను నిమిషాల్లో డిన్నర్ రెడీ’ గారికి, కూకట్‌పల్లి నుంచి ఉద్యోగమూ వంటా రెండూ వెలగబెడుతున్న ఒకావిడ రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం. టైమ్ తొమ్మిదిన్నర దాటింది కాబట్టి కాస్త ఆకలి మీదున్నాం, అంతే.

ముందు మీ గడియారం సంగతి తేల్చుకుందాం. అది ఎక్కడ కొన్నారో చెబితే మేమూ ఒకటి తెచ్చుకుంటాం. మా గడియారం ఫ్రిజ్ తలుపు తీసినప్పుడే తిరగడం మొదలెడుతుంది, మీది మాత్రం మూకుట్లో నూనె కాగేదాకా కదలదు. మొన్న రాజ్మా చావల్‌కి మీరిచ్చిన లిస్టు చూశాను. ఉడికించిన రాజ్మా రెండు కప్పులు. ఎవరు ఉడికించారండీ? ముందురోజు రాత్రి గుర్తుపెట్టుకుని నానబోసి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్లో విజిల్ మీద విజిల్ వేయించి, గింజ వేళ్ల మధ్య పెడితే నలిగేదాకా చూడాలి కదా, సగం ఉడికింది తింటే ఇంటిల్లిపాదికీ కడుపు పాడవుతుంది. సన్నగా తరిగిన ఉల్లిపాయలు మూడు. మా కూరగాయల బండి అబ్బాయి ఉల్లిపాయలు పొట్టుతోనే ఇస్తాడు, ఎంత అడిగినా తరిగివ్వడు. అల్లం వెల్లుల్లి పేస్ట్ ఒక స్పూను, టమాటా ప్యూరీ అర కప్పు, ఇలా పనంతా ఎవరో దేవతలు చేసి పెట్టి వెళ్లాక మీరొచ్చి స్టవ్ వెలిగిస్తారు.

అక్కడితో ఆగారా? ‘ఉల్లిపాయలు బంగారు రంగు వచ్చేవరకు, ఐదు నిమిషాలు’ అంటారు. మా స్టవ్ మీద ఐదు నిమిషాలకి ఉల్లిపాయ మెత్తబడి తెల్లమొహం వేస్తుంది, అంతే. రంగు తిరగాలంటే ఇరవై నిమిషాలు దాని పక్కనే గరిటె పట్టుకుని నిలబడాలి, ఆ మధ్యలో మావాడు హోంవర్క్‌లో డౌటని పిలిచాడో, బంగారం కాస్తా బొగ్గవుతుంది. మ్యాగీ 1983లో రెండు నిమిషాలంటూ మన దేశానికి వచ్చింది, సరే, దానికోసం ముందురోజు రాత్రి ఏమీ నానబెట్టక్కర్లేదు. మీరు ఆ ధైర్యం చూసుకుని ఏకంగా బిర్యానీ జోలికి వెళ్లారు.

మీకు ఊరికే ప్రచారం చేసిపెట్టేది మా ఫ్రెండ్సే. ఆఫీసులో ఒక బెంగాలీ అమ్మాయి ఉంది, బంగారంలాంటి మనిషి, లంచ్‌కి ఆలూ పోస్తో తెచ్చింది. ఎంత బాగుందంటే డబ్బా ఆమెది, తిన్నది నేను. ఎలా చేయాలని అడిగితే ‘అయ్యో చాలా సింపుల్, ఆలుగడ్డ, గసగసాలు, పచ్చిమిర్చి, అంతే’ అంది. అంతే అన్న మాటకి పడిపోయాను. మా ఇంట్లో గసగసాలంటే కోడికూర మసాలాలోకి ఒక చెంచాడు, అదీ పొదుపుగా, ఆ చిన్న ప్యాకెట్టే రెండు పండగలు దాటుతుంది. వాళ్లకి అది మనకి పల్లీల లెక్క, కప్పుల్లో పోస్తారు. సరే తెచ్చాను, నానబెట్టాను, మిక్సీలో వేశాను. గసగసాలు మిక్సీలో నలగవండీ. గిర్రున తిరిగి జార్ గోడలకి అంటుకుని కూర్చుంటాయి, మూత తీసి చెంచాతో కిందికి తోసి మళ్లీ తిప్పితే మళ్లీ వెళ్లి అక్కడే కూర్చుంటాయి. వాళ్లమ్మ రాతి మీద నూరుతుందట, ఆ సంగతి ఆ పిల్ల తర్వాత నింపాదిగా చెప్పింది. పైన పచ్చి ఆవనూనె చుక్క పడాలని కూడా అప్పుడే చెప్పింది. మేం ఆవనూనె ఎప్పుడు వంటలో వాడాం గనక?

ఇక ప్రయాణాలు. పుణె దగ్గర సింహగడ్ కోట ఎక్కినవాళ్లకి తెలుసు, పైన చిన్న చిన్న కొట్లలో పిఠ్లా భాకరీ పెడతారు. శనగపిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పోపు, పక్కన రొట్టె, నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ, మట్టి ముంతలో పెరుగు. కింద నుంచి నడిచి ఎక్కి, కాళ్లు పీకేస్తుంటే, చల్లగాలిలో కూర్చుని పొయ్యి మీంచి దించింది దించినట్టు తింటే అమృతంలా ఉండదా మరి? మా ఆయన అక్కడే తీర్మానం చేశారు, ఇకమీదట మనింట్లో వారానికోసారి ఇదే డిన్నరని. మీరు వెంటనే ‘కేవలం ఐదు పదార్థాలతో’ అని ప్రత్యక్షమయ్యారు. ఆ ఐదింట్లో కోట ఎక్కడం లేదు, ఆకలి లేదు. రోజంతా కుర్చీలో కూర్చుని సాయంత్రం రెండు సమోసాలు లాగించిన మనిషికి అదే పిఠ్లా పెడితే, ‘అక్కడ తిన్నట్టు లేదే’ అని నా వైపు చూస్తారు, నేనేదో కోటని ఇంటికి తీసుకురావడం మర్చిపోయినట్టు.

అత్తయ్య మాత్రం ఒక ముక్క ముంచుకుని తిని ‘బొంబాయి చట్నీయే కదమ్మా, కాస్త గట్టిగా చేశావు’ అన్నారు. నిజమే. పూరీల్లోకి అదే శనగపిండి పలచగా కలిపి ఉడికించుకుని చిన్నప్పటి నుంచీ తింటున్నదే. పెట్రోలు, టోల్ గేట్లు, హోటల్ గది అన్నీ కలుపుకుంటే ప్రపంచంలో ఇంత ఖరీదైన బొంబాయి చట్నీ ఇంకెవరూ తిని ఉండరు.

ఆ రొట్టెల దగ్గర మాత్రం హైదరాబాద్‌కి దండం పెట్టాలి. జొన్నపిండి వేడినీళ్లతో కలిపి చేత్తో తట్టడం మాటలు కాదు, గోధుమపిండిలా సాగదు, అంచులు పగిలిపోతాయి, పెనం మీదికి మార్చేలోపు రెండు ముక్కలు. కానీ సాయంత్రమైతే మా రోడ్డు పక్కనే ఒకావిడ పొయ్యి పెట్టుకుని టపటపా తట్టి కాల్చి ఇస్తుంది. ఆవిడ దగ్గర రొట్టెలు కొనుక్కుని ఇంటికొచ్చి శనగపిండి కలిపితే నిజంగానే పదిహేను నిమిషాల్లో భోజనం అయిపోతుంది. ఆ క్రెడిట్ మీకెలా ఇస్తాం, మీరే చెప్పండి.

ఇంతకీ అసలు దెబ్బ వేరే ఉంది. మీరు ఏ దేశం నుంచి దిగినా సరే, మా ఇంట్లో పక్కన రైస్ కుక్కర్ పెట్టాల్సిందే. పాస్తా అయిపోయాక మావాడు చేతులు తుడుచుకుని వెళ్లిపోతాడు, మా ఆయన మాత్రం కంచం ముందు నుంచి లేవరు. ‘కాస్త అన్నం ఉందా? పెరుగేసుకుందామని.’ ఆ కాస్త కోసం బియ్యం కడగాలి, పెరుగు తోడుకుని ఉండాలి, మాగాయ జాడీ దించాలి. అత్తయ్యకి అసలు మొదటి నుంచీ అదే భోజనం, మిగతాది చూడ్డానికి బాగుంటుందంటారు. అంటే మీరు మా ఇంట్లో డిన్నర్ కాదండీ, డిన్నర్‌కి ముందు జరిగే సాంస్కృతిక కార్యక్రమం.

పోనీ నా ఒక్కదానికే చాదస్తమేమోనని దేశం లెక్క కూడా చూశాను. కేంద్ర ప్రభుత్వం చేయించిన టైమ్ యూజ్ సర్వే ఉంది. జీతం లేని ఇంటిపని, అంటే వంట, తోమడం, ఊడ్చడం, ఉతకడం అన్నీ కలిపి, అది చేసే ఆడవాళ్లకి 2019లో రోజుకి సగటున 299 నిమిషాలు పట్టింది, చేసే మగవాళ్లకి 97. మళ్లీ 2024లో లెక్కేస్తే ఆడవాళ్లకి 289, మగవాళ్లకి 88. ఈ ఐదేళ్లలో మీరు ప్రతి ఫోన్‌లోకీ దూరారు కదా, ఆ తగ్గిన 10 నిమిషాలు మీ పుణ్యమేనేమో, ఊరికే నిందించకూడదని ఒక్క క్షణం అనుకున్నాను. కానీ మగవాళ్లకీ 9 నిమిషాలు తగ్గాయే, వాళ్లు ఏ థాయ్ కర్రీ వండారని?

థాయ్ అంటే గుర్తొచ్చింది, మా ఫ్రిజ్ తలుపుని మీరొకసారి దర్శించాలి. బ్యాంకాక్ వెళ్లొచ్చిన ఉత్సాహంలో కొన్న ఫిష్ సాస్, అడుగున పేరుకున్న సోయా సాస్, అర కప్పు వాడాక మిగిలిన కొబ్బరి పాల డబ్బా, దానికి ప్లాస్టిక్ కవరూ రబ్బర్ బ్యాండూ. రెండు కాడలు చాలన్న నిమ్మగడ్డి కట్టలో మిగతాది ఎండి చీపురు పుల్లల్లా తయారైంది. పక్కింటావిడ అది చూసి టీలో వేసుకోమంది. టీలో నిమ్మగడ్డికి మాత్రం పేరు పెట్టడానికేం లేదు.

తేలిగ్గా అయ్యే భోజనాలు లోకంలో లేకపోలేదు. కేరళ ఫ్రెండ్ వాళ్లింట్లో ఒక రాత్రి కంజి పెట్టారు. మెత్తగా ఉడికిన అన్నం దాని గంజితోనే, పక్కన కొబ్బరి వేసిన పెసలు, ఓ అప్పడం, కాస్త పచ్చడి. ‘మీరొస్తున్నారని తెలియదు, ఏమీ చేయలేదు’ అని వాళ్లమ్మగారు నొచ్చుకున్నారు కూడా. అత్తయ్య రెండోసారి పెట్టించుకున్న పొరుగు వంట అదొక్కటే. మన చారూ అన్నం, కోడిగుడ్డు పొరటు, కిచిడీ, ఇవీ అంతే, ఎన్ని నిమిషాలని ఎవరూ అడగలేదు, అవీ చెప్పుకోలేదు. వాటికి ఫొటో బాగా రాదు, బహుశా అదే వాటి అదృష్టం.

కాబట్టి మనవి ఏమిటంటే, మీరు రావద్దనడం లేదు. ఆదివారం రండి, తీరిగ్గా రండి, అందర్నీ కూర్చోబెట్టి వెల్లుల్లి ఒలిపించేంత టైమ్ పెట్టుకుని రండి. మంగళవారం రాత్రి ఎనిమిదింటికి, ఆఫీసు క్యాబ్ దిగి ఇంకా చెప్పులు విప్పకముందే ఫోన్‌లో కొత్తిమీర చల్లుకుంటూ కనిపించకండి. ఇంకోటి, ఇకమీదట మీ లిస్టులో ‘తరిగిన’ అని రాసిన ప్రతిచోటా తరిగినవారి పేరు కూడా రాయండి.

ఇట్లు,
రైస్ కుక్కర్ మూత తీయబోతున్న ఒకావిడ

తా.క. ‘ఒకే గిన్నెలో వంట’ అని మీరు హామీ ఇచ్చిన ఇవాళ్టి డిన్నర్ తర్వాత సింకులో ఉన్నవి: కుక్కరు, దాని మూత, గ్యాస్కెట్, మూకుడు, మిక్సీ జార్లు రెండు, చాకు, కటింగ్ బోర్డు, జల్లెడ, గరిటెలు, నూనె పడ్డ ఫోన్ స్టాండు, ఆ ఒకే గిన్నె. పనావిడ రేపు రానని ఫోన్ చేసింది. మీరు ఎన్నింటికి వస్తారో చెబితే గేటు దగ్గర వాచ్‌మన్‌కి చెప్పి పెడతాను.