నాకేటి రోగం?

క్యాన్సర్ పరీక్షలు ఎవరికి జరగాలో, ఎవరికి జరగకూడదో ఒడిశాలోని మా బరంపురం ఎప్పుడో తేల్చేసుకుంది. జరగాల్సింది రిటైరైన ఆఫీసరుగారికి. ఆయన చుట్ట ముట్టరు, వక్కపలుకు కూడా పళ్ల కింద పెట్టరు, తెల్లారగట్ల లేచి ముక్కు మూసుకుని ప్రాణాయామం చేస్తారు. బెంగుళూరులో ఉన్న కొడుకు ఫోన్లోనే ‘ఫుల్ బాడీ ప్యాకేజీ’ బుక్ చేస్తే, ల్యాబు కుర్రాడు ఇంటికొచ్చి పరగడుపున రక్తం తీసుకుపోతాడు. సాయంత్రానికి పుస్తకమంత రిపోర్టు. అందులో క్యాన్సర్ మార్కర్లని ఓ పేజీ. ఏ బాధా లేని మనిషిలో క్యాన్సర్ వెతకడానికి ఆ మార్కర్లు పనికిరావని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉంటారు. ఆఫీసరుగారు ఆ పేజీకి లామినేషన్ చేయించారు. ఇంటికి వెళ్లినవాళ్లకి ముందు అది, తర్వాత కాఫీ.

జరగకూడనివాళ్లు వేరే ఉన్నారు. పెళ్లైన నాటి నుంచీ చుట్ట కాలుస్తున్నవాళ్లు, లేవగానే గుడాఖు అనే పొగాకు ముద్దతో పళ్లు తోముకునేవాళ్లు, బుగ్గన గుట్కా పెట్టుకునే నిద్రపోయేవాళ్లు, తల్లో అక్కో రొమ్ము క్యాన్సర్‌తో పోయినవాళ్లు. వీళ్ల జోలికి ఎవరూ పోకూడదు. పోయినా వీళ్లు పడనివ్వరు. “నాకేటి రోగం?” అన్న ఒక్క ప్రశ్నతో ఎంతటి ఆరోగ్యశాఖనైనా గడప దగ్గరే ఆపేసే సత్తా గంజాం జిల్లా తెలుగువాళ్లకి ఉంది. దీనికి తగిన గుర్తింపు రాలేదన్న బాధతోనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

గోపాల్‌పూర్ ఒడ్డుకి రండి. ఎండుచేపలు తిరగేస్తూ ఒక ముసలమ్మ కనిపిస్తుంది. పెదాలు బిగించి ఉంటాయి, మధ్యలోంచి చుట్ట తోక బయటికి ఉంటుంది. నిప్పెక్కడా కనబడదేమని చూస్తే, నిప్పు లోపల ఉంటుంది. ఇదే అడ్డపొగ. మగవాళ్లు చుట్టని తిన్నగా కాల్చి, గాలికి ఆరిపోతే అగ్గిపెట్టె కోసం ఊరంతా తిరుగుతారు. మన ఆడవాళ్లు దాన్ని తిరగేశారు. సముద్రపు గాలికి ఆరదు, చంకలో పిల్ల మీద నిప్పురవ్వ పడదు, మామగారు ఎదురొస్తే పొగ కనబడదు. రెండు చేతులూ పనిలోనే ఉంటాయి. ఐఐటీలో చదివినవాళ్లకి కూడా ఒక్క మార్పుతో ఇన్ని లాభాలు తట్టవు. ఒక్కటే చిన్న ఖర్చుంది. ఆ వేడీ పొగా తిన్నగా అంగిలికి తగులుతాయి. అంగిలి ముందు తెల్లబారుతుంది, తర్వాత దాని మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి, కొందరికి ఎర్రమచ్చ పడుతుంది, ఎప్పుడు క్యాన్సరవుతుందోనని ఆ ఎర్రమచ్చ మీద డాక్టర్లకి బొత్తిగా నమ్మకం లేదు. ఇదంతా నొప్పి లేకుండా జరుగుతుంది. నొప్పి లేనిది రోగమెలా అవుతుందని ముసలమ్మ అడిగితే సమాధానం చెప్పగల మొనగాడు ఈ ఒడ్డున లేడు.

ఆరోగ్యశాఖ పంపిన ఆశా దీదీ వచ్చింది. చేతిలో ఫారం, సంచిలో టార్చి. ఒరియాలో అడిగింది, ముసలమ్మ తెలుగులో చెప్పింది, ఇద్దరికీ రెండూ అర్థమవుతాయి కనక ఇబ్బంది లేదు.

“మావుసీ, బీడీ?”

“నేదు.”

“సిగరెట్?”

“సీ, ఆడదాన్ని, నానెందుకు కాలుత్తానే?”

“గుట్కా, ఖైనీ?”

“నేదమ్మీ.”

అన్నీ నిజాలే. చుట్ట సంగతి ఎవరూ అడగలేదు కనక ఆవిడ చెప్పలేదు. చెబుదామన్నా నోరు ఖాళీగా లేదు. ఈ ఫారానికి మార్కులుంటాయి. వయసుకి కొన్ని, నడుము చుట్టుకొలతకి కొన్ని, రోజూ పొగాకు వాడితే రెండు. మొత్తం నాలుగు దాటితే ఆ మనిషిని పరీక్షకి ముందుగా పిలవాలి. మార్కులు తక్కువొస్తే సంబరపడే పరీక్ష దేశంలో ఇదొక్కటే ఉంది, అందులో మనవాళ్లు కాపీ కొట్టి మరీ తప్పుతారు.

ఆఖరికి దీదీ టార్చి తీసి, ఒక్కసారి నోరు చూపించమంది. ముసలమ్మ చుట్ట తీసి చెవి మీద పెట్టుకుని, “ముందు మా కోడలి నోరు సూడు. తెల్లారిన కాణ్ణించీ తెరిసే ఉంటాది” అంది. కోడలు గుడాఖు డబ్బీని కొంగు చాటుకి తోసి, నోరు గట్టిగా మూసేసుకుంది. ఆ ఇంట్లో అత్తాకోడళ్లు ఏకాభిప్రాయానికి వచ్చింది అప్పుడేనని ఇరుగుపొరుగు చెప్పుకుంటారు.

మన అంగిళ్ల మీద ఎవరికీ ఆసక్తి లేదనుకుంటే పొరపాటు. డెన్మార్క్‌కి చెందిన పిండ్‌బోర్గ్ అనే దొర, బొంబాయి పరిశోధకులు కలిసి సరిహద్దుకి అవతల ఆంధ్ర పల్లెల్లో అడ్డపొగ సంగతి తేల్చడానికి పదివేల మందికి పైగా జనం అంగిళ్లు పరీక్షించిన వివరాలు 1971లో అచ్చయ్యాయి. అంటే కోపెన్‌హాగన్‌లో పళ్ల డాక్టర్లకి తెలిసిన అమ్మమ్మ అంగిలి, అదే ఇంట్లో రోజూ ఆవిడ చేతి చేపల పులుసు తినే మనవడికి తెలియదు. వాడు మాత్రం తన జిమ్ము కోసం నెలనెలా రక్తపరీక్ష చేయించుకుంటాడు.

ఇక కేరళవాళ్లు. ప్రతిదాంట్లోనూ తలదూర్చే అలవాటు వాళ్లకి ఎలాగూ ఉంది. తిరువనంతపురం జిల్లాలో డాక్టర్లు కూడా కానివాళ్లకి శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి, నోళ్లలోకి టార్చి వేయించారు. 2005లో ఫలితం బయటపెట్టారు. పొగాకో మందో అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయట. ఏ అలవాటూ లేనివాళ్లలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదట. ఈ రెండో వాక్యం ఆఫీసరుగారు చదవకూడదు, మొదటిది ముసలమ్మ వినకూడదు. బరంపురంలో శాంతిభద్రతలు దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

కేంద్రం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ముప్ఫై దాటినవాళ్లకి అయిదేళ్లకోసారి నోరు, ఆడవాళ్లకి రొమ్ము, గర్భాశయ ముఖద్వారం చూడమని రాశారు. డబ్బు అక్కర్లేదు. బహుశా అదే తప్పయింది, ప్యాకేజీ అని పేరుపెట్టి మూడువేలు వసూలు చేసుంటే క్యూ కట్టేవాళ్లం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ముప్ఫై నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో నోటి పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు నూటికి 0.9, రొమ్ముకీ అంతే, గర్భాశయ ముఖద్వారానికి 1.9. మగవాళ్లు నోటికి 1.2. కులం, మతం, భాష, పార్టీ అన్నీ పక్కనబెట్టి నూటికి తొంభైఎనిమిది మంది ఒకే మాట మీద నిలబడ్డ దేశం మనది. జాతీయ సమైక్యత మీద ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ అంకె ఎందుకు వాడుకోరో నాకు తెలియదు.

మగవాళ్ల 1.2 గురించి కొంచెం చెప్పాలి. ఒడిశాలో గుట్కా 2013 నుంచి నిషేధం. మా కొట్టువాడు చట్టాన్ని గౌరవించే మనిషి కనక గుట్కా అమ్మడు. ఒక పొట్లంలో పాన్ మసాలా, ఇంకో పొట్లంలో పొగాకు ఇస్తాడు. రెండింటినీ కలిపే శ్రమ కొన్నవాడి అరచేతిది. వక్క ఒక్కటే ఉన్నా అది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థవాళ్ల క్యాన్సర్ విభాగం తేల్చింది కానీ, వాళ్లు మన పెళ్లి తాంబూలాలకి రారు కాబట్టి పట్టించుకోనక్కర్లేదు.

ఈ నమలడం కొన్నేళ్లు సాగాక మనిషికి ముందు కారం పడదు. ఇంట్లో పప్పులో పచ్చిమిరపకాయ ఎక్కువైందని పెళ్లాం మీద కేకలేస్తాడు. తర్వాత బుగ్గలు లోపల బిర్రబిగుస్తాయి. నోరు పూర్తిగా తెరుచుకోదు. సాధారణంగా మనిషి తన మూడు వేళ్లు ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చి పళ్ల మధ్య పెట్టుకోగలడు. వీళ్లకి రెండే పడతాయి, తర్వాత ఒకటే. కేకలు కూడా సన్నబడతాయి, ఆ మేరకు ఇంట్లో ప్రశాంతత పెరుగుతుంది. ఇలా బిగుసుకున్న నోటికి క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలు నోటికంటే చాలా ఎక్కువ, కాబట్టి డాక్టరు మాటిమాటికీ చూడాల్సింది ఇదే.

చూసేవాడు ఎవరూ లేరా అంటే, ఉన్నాడు. సాయంత్రం గుప్‌చుప్ బండివాడు. పానీపూరీ అని మీరు పిలిచేదే మాకు గుప్‌చుప్. అది కొరుక్కు తినేది కాదు, గుటుక్కున నోట్లో వేసుకోవాలి. మొన్నటిదాకా పెద్దవి ఏరి వేయమన్న కుర్రాడు ఇవాళ చిన్నవి అడుగుతాడు, వచ్చే ఏడాదికి వాటిని కూడా దొప్పలోనే చిదిపి, చెంచాతో తింటాడు. బండివాడు ఇదంతా చూస్తాడు. ఎవరి నోరు ఎంత తెరుచుకుంటుందో, ఎప్పట్నుంచి తగ్గిందో వాడికి తెలిసినంత ఏ రికార్డులోనూ లేదు. జిల్లా అధికారులు వాడి బండిని ఫుట్‌పాత్ మీంచి తీసేయించడానికి ఏటా ఒక డ్రైవ్ పెడతారు.

ఆడవాళ్ల విషయంలో మన జాగ్రత్త ఇంకా లోతైనది. గర్భాశయ ముఖద్వారానికి సబ్‌సెంటర్లో చేసే పరీక్ష చాలా చవక. పల్చటి అసిటిక్ ఆసిడ్ దూదితో అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్నచోట తెల్లబారుతుంది. బజారు ఊరగాయ సీసాల్లో పోసే వెనిగర్‌లో ఉండేది ఈ ఆమ్లమే, ఊరగాయలకీ అప్పడాలకీ పేరుమోసిన ఊరు దాన్ని చూసి హడలిపోవడమే విచిత్రం. ముంబై మురికివాడల్లో పదో తరగతి చదివిన ఆడవాళ్లకి నేర్పి ఏళ్ల తరబడి ఈ పని చేయిస్తే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయి. అక్కడ అత్తగార్లు లేరేమో. ఇక్కడ ముందు అత్తగారు ఒప్పుకోవాలి, మొగుడికి సెలవుండాలి, పెళ్లికెదిగిన కూతురు ఇంట్లో ఉండకూడదు. రిపోర్టు ఇంకా నర్సు చేతిలో ఉండగానే వార్త ఇచ్ఛాపురం వియ్యాలవారింటికి చేరుతుంది.

ఇంతకంటే గొప్ప ఏర్పాటు ఒకటుంది, దాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. రక్తసంబంధంలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా అని డాక్టరు అడుగుతాడు. తల్లికో అక్కకో వస్తే, అందులోనూ చిన్న వయసులోనే వస్తే, ఆ ఇంటి ఆడపిల్లలు ఇంకా ముందునుంచే జాగ్రత్తపడాలి. అందుకే మనం ఆ అవకాశమే లేకుండా చేశాం. మన ఇళ్లలో క్యాన్సర్‌తో ఎవరూ పోరు. పెద్దత్త ‘గ్యాస్ ట్రబుల్’తో పోయింది. అమ్మమ్మ ‘దిష్టి’తో చిక్కి పోయింది. పిన్నికి ‘గడ్డ’ లేచింది, కటకం తీసుకెళ్లారు, ‘వేడి చేసి’ పోయింది. మనవరాలు డాక్టరు ముందు కూర్చుని, మా ఇంట్లో ఎవరికీ లేదండీ అని ఒట్టేసి చెబుతుంది. పాపం ఆ పిల్ల అబద్ధం ఆడటం లేదు. మూడు తరాల పెద్దవాళ్లు ఆ అబద్ధం ముందే ఆడిపెట్టారు.

భాష సంగతి సరేసరి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పట్నుంచీ సరిహద్దు తెలుగువాడికి దొరికిన వరం ఇది. పోస్టరు ఒరియాలో ఉంటే, మాకు చదవడం రాదంటాం. తెలుగులో అంటిస్తే, మా పిల్లలవి ఒరియా చదువులు, తెలుగు అక్షరాలు రావంటాం. బొమ్మ వేస్తే, ఛీ ఛీ, అదేం బొమ్మ అంటాం. రోగం ముదిరాక మాత్రం భాష అడ్డురాదు. విశాఖ ఇంటర్‌సిటీ ఎక్కితే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి, అటు ఎక్కితే కటకంలో ఆచార్య హరిహర. అక్కడి వరండాల్లో ఒరియా, తెలుగు, హిందీ, సైగలు అన్నీ ధారాళంగా వచ్చేస్తాయి. అంగిలి తీసేసినవాళ్లకి గంజి ముక్కులోంచి రాకుండా పళ్లసెట్టు తరహాలో ఒక పలక అమరుస్తారు, దాన్ని ఎలా కడగాలో మూడు భాషల్లో నేర్చుకోవచ్చు. మచ్చ పడ్డప్పుడే వచ్చుంటే ఇంత అక్కర్లేకపోయేదని డాక్టరు అంటాడు. అది ఏ భాషలో అన్నా మనకి అర్థం కాదు.

ఇన్ని చెప్పి ఉపాయం చెప్పకపోతే బాగుండదు. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. రోగం తగ్గితే వేషం కడతామని మొక్కుకున్నవాళ్లంతా వీధుల్లోకి వస్తారు. ఆశా దీదీకి అంగుళం నోరు తెరవనివాడు, పులివేషం కట్టి ఒంటి నిండా చారలు పూయించుకుని, నడివీధిలో డప్పుల మధ్య అంగిలి కనబడేలా గాండ్రిస్తాడు. కాళి వేషం కట్టినవాడు నాలుక మొదలంటా బయటపెట్టి గంటలకొద్దీ నిలబడతాడు, నాలుక అంచులు కూడా చూడాలని డాక్టర్లు ఎలాగూ అంటున్నారు. ప్రతి మలుపులోనూ టార్చి పట్టుకుని ఒక పళ్ల డాక్టర్ని నిలబెడితే సరిపోతుంది. మార్గదర్శకాల ప్రకారం అయిదేళ్లకోసారి చూస్తే చాలు, మనం రెండేళ్లకోసారి చూపిస్తాం. డాక్టర్లకి టీఏ, డీఏ ఎవరివ్వాలన్నది ఆరోగ్యశాఖా దేవాదాయశాఖా కూర్చుని తేల్చుకోవాలి. గాండ్రించడానికి కావలసినంత నోరు తెరుచుకోనివాళ్లకి ఏ వేషమివ్వాలో మాత్రం యాత్ర పెద్దలే చెప్పాలి.