గాలానికి చెరువు, మెకాలకు కొండ నీళ్లు

ఆదివారం వస్తే చాలు, తిరుపతి కుర్రకారు బండ్లు కల్యాణి డ్యామ్ వైపు, కొండ మడుగుల వైపు తిరుగుతాయి. చేతిలో గాలపు కర్ర, డబ్బాలో ఎర్రలు, సంచిలో పిండి ముద్ద. నీటి అంచున కూర్చుని బెండు ఎప్పుడు మునుగుతుందా అని చూస్తూ ఫోను మరిచిపోయే పిల్లలను తప్పుపట్టాలని మాకు లేదు. ఊరు ఇంతగా పెరిగాక అలాంటి పూట దొరకడమే కష్టం. మా అభ్యంతరమల్లా వాళ్లు కూర్చునే చోటు గురించే.

1977లో కట్టిన కల్యాణి డ్యామ్ తిరుపతికి, తిరుమలకు తాగునీరిస్తోంది. దాని వెనక ఉన్నది శేషాచలం. ఈ కొండల్లోనే 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు ఏర్పడింది. 2010లో శేషాచలానికి జీవావరణ రిజర్వు హోదా వచ్చింది. చిరుత, ఎలుగుబంటి, కణితి, దేవాంగ పిల్లి తిరిగే అడవి ఇది. ఎండాకాలం వాగులు ఇంకిపోతే మెకాలు మిగిలిన మడుగులకే దిగుతాయి, అదీ పొద్దు వాలే వేళ. చేప బాగా పడుతుందని గాలం వేసేవాళ్లు కదలకుండా కూర్చునేదీ అప్పుడే. మనిషి అలికిడి తగిలితే దుప్పి గట్టు దిగదు, దాహంతోనే వెనక్కి మళ్లుతుంది.

వాళ్లు లేచి వెళ్లాక మిగిలేది ఇంకా చేటు. రాళ్ల మధ్య చిక్కుపడితే పళ్లతో కొరికి వదిలేసిన నైలాన్ దారం ఏళ్లు గడిచినా కుళ్లదు. నీటికోడి కాలికి చుట్టుకుంటే అది ఎగరబోయిన కొద్దీ బిగుస్తుంది. సీసా పెంకుల సంగతి వేరే చెప్పాలా?

అభయారణ్యంలో, జాతీయ పార్కులో చేప కూడా వన్యప్రాణే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వన్యప్రాణుల లెక్కలో చేపను మొదటి నుంచీ చేర్చింది. చూడటానికి, ఫొటోలు తీసుకోవడానికి అనుమతి పొందవచ్చు. సరదాకు పట్టుకుపోవడం కుదరదు. ఈ మాట ప్రతి అడవి దారి మొదట్లో పెద్ద తెలుగు అక్షరాల్లో రాసి పెట్టాలి.

అయితే వద్దని బోర్డు పెట్టి చేతులు దులుపుకుంటే పిల్లలు చీకటి దారి వెతుక్కుంటారు. వాళ్లకు వేరే చోటు చూపించాలి. చుట్టూ కొండలున్న రాయలచెరువు తిరుపతికి దగ్గరే. పిచ్చాటూరు దగ్గర అరణియార్ జలాశయం ఉంది. ఇలాంటి చోట్ల చేపల హక్కు ఉన్న మత్స్యకార సంఘాలతో మాట్లాడి, రోజు టికెట్టుపై గాలానికి ఒక గట్టు కేటాయించాలి. ఆ డబ్బు సంఘానికే చెందాలి. వాళ్ల బతుకుదెరువులో మన సరదా వాటా అడుగుతోంది, ఊరికే ఇమ్మనడం న్యాయం కాదు. స్థానికుల చేతికి పర్యాటకం అప్పగించిన అనుభవం తలకోనలో ఉంది.

నియమాలూ సంఘాలే చెప్పాలి. కొర్రమీను పిల్లల గుంపు ఎర్రగా నీటి పైకి తేలినప్పుడు తల్లీతండ్రీ కిందే కాపలా ఉంటాయి. అప్పుడు గాలం వేస్తే పెద్దది చేతికొస్తుంది, ఆ గుంపు మొత్తం ఇతర చేపల నోట పడుతుంది. ఇది జాలరి ఇంట్లో చిన్నపిల్లలకూ తెలుసు, పట్నం నుంచి వచ్చినవాళ్లకు చెప్పేవాళ్లుండాలి.

తిరుపతి కలెక్టరు అటవీ, మత్స్య, జలవనరుల శాఖలను ఒకచోట కూర్చోబెట్టి, వేసవికి ముందే కనీసం ఒక చెరువు దగ్గర ఈ ఏర్పాటు మొదలుపెట్టాలని కోరుతున్నాం.