జరీ అంచు శాలువా గారికి ఒక మనవి

శాలువా గారికి నమస్కారాలు.

మీరు లేకుండా మా హన్మకొండలో సభ జరగడం నేను చూడలేదు. మైకు మొరాయించినా, కరెంటు పోయినా, ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యమైనా సభ జరిగిపోతుంది. మీరు మాత్రం టైముకు ముందే పాలిథిన్ కవరులో మడత నలగకుండా వచ్చి కూర్చుంటారు.

మాది చిన్న గుంపు. బడిపిల్లలు ఆడుకుంటూ నేర్చుకునే ఓపెన్‌సోర్స్ (ఎవరైనా వాడుకుని, మార్చుకోగల) కంప్యూటర్ ఆటల్ని తెలుగులోకి తెస్తుంటాం. జీతం లేదు, భత్యం లేదు, చాయ్ కూడా ఎవరిది వాళ్ళదే. మొన్న వార్షికోత్సవానికి ముందు కమిటీ కూర్చుని, "మస్తు పని చేసేటోళ్ళను ప్రోత్సహించాలె" అని తీర్మానించింది. ప్రోత్సాహం అనగానే అందరి నోటా మీ పేరే వచ్చింది.

ఇరవై మూడు మందిగా వచ్చారు మీరు. హాలు ఇచ్చినాయనకు ఒకరు, ఇప్పించినాయనకు ఒకరు, దీపం వెలిగించినాయనకు ఒకరు, అగ్గిపెట్టె అందించినాయనకు ఒకరు. అలా పంతొమ్మిది అయిపోయాయి. మిగిలిన నలుగురినీ కమిటీ వాళ్ళం ఒకరికొకరం కప్పుకున్నాం. నా భుజం మీద ఉన్నది మీరే.

పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడ్డ అమ్మాయి మీకు గుర్తుండే ఉంటుంది. పరకాల నుంచి బస్సులో వచ్చింది, డిగ్రీ చదువుతోంది. ఆ ఏడాది మాకు అందరికన్నా ఎక్కువ దిద్దుబాట్లు పంపింది ఆమే.

అందులో ఒకటి చెబుతాను. ఒక లెక్కల ఆటలో ఇంకా మూడు బంతులు మిగిలాయని చూపాల్సిన చోట తెరమీద "3 ఎడమ" అని పడుతోంది. ఇంగ్లీషు 'లెఫ్ట్' చూసి మాలో ఒక మహానుభావుడు ఎడమ అని కొట్టేశాడు (ఆ మహానుభావుడు నేనే). వాళ్ళ తమ్ముడు ఆడుతూ ప్రతిసారీ ఎడమవైపుకు చూసి, "అక్కా, ఈడ ఏం లేవు గదా" అన్నాడట. ఆమె అనువాదం ఫైలు తెరిచి, పైన ఇంగ్లీషు వరస ముట్టకుండా కింది వరసలో "3 మిగిలాయి" అని మార్చి పంపింది. చూసి కలిపే హక్కు ఉన్నది నాకు. రెండు నిమిషాల పని.

నలభై ఒక్క రోజులు చూడలేదు. మధ్యలో ఒకసారి అడిగింది.

"సార్, నేను పంపింది చూసిన్రా?"

"చూస్తం బిడ్డా, ఫంక్షన్ పనుల్ల ఉన్న."

ఆ ఫంక్షన్ పని ఏమిటో మీకు తెలుసు. మీ అంచు బంగారు రంగా, ఎరుపా అని బట్టల దుకాణంలో తేల్చుకోవడం.

మీరు లేకుండా మంచి పని సాగదా అంటే, సాగుతుంది. దూరం పోనక్కర్లేదు, పోతన ఊరు మన బమ్మెర ఉండనే ఉంది. పోతన రాజులకు అంకితమివ్వనన్నాడని చెప్పుకుంటాం, అంటే మీ పూర్వీకుల్ని గడప తొక్కనివ్వలేదన్నమాట. భాగవతంలో పాడైపోయిన భాగాల్ని గంగన, ఏర్చూరి సింగన, వెలిగందల నారయ పూరించారు. వాళ్ళ శాలువాల్ని ఏ చెదలు తిన్నాయో గానీ, ఏ స్కంధం ఎవరిదో ఇప్పటికీ చెబుతాం. మా ఫైళ్ళ నెత్తిన కూడా చివరగా అనువదించిన వాళ్ళ పేరు రాసే వరస ఒకటుంటుంది. దానికి జరీ అక్కర్లేదు. మా ఫైలులో రెండేళ్ళుగా అక్కడ నా పేరే ఉంది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీరు భుజాన పడితే రెండు చేతులూ మిమ్మల్ని జారకుండా పట్టుకోవడానికే సరిపోతాయి. మన వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీ (నేల మీద పరిచే నూలు తివాచీ) అలా కాదు. దానికి వరంగల్ దర్రీల పేరుతో 2018లో జీఐ (ఫలానా చోటి సరుకని చెప్పే) గుర్తింపు వచ్చింది, అయినా కింద పరిస్తే కిందే ఉంటుంది. దానిమీద నలుగురు కూర్చుని పని చేసుకోవచ్చు.

సభ అయిన రాత్రి మిమ్మల్ని మడిచి లాప్‌టాప్ మీద కప్పాను. దుమ్ము పడకుండా మీరు బాగా పనికొస్తారు. తెల్లారి తీసి, ఆ "మిగిలాయి"ని కలిపి, ఫైలు నెత్తిన నా పేరు తీసి ఆమె పేరు పెట్టాను. పది నిమిషాలకు మెసేజ్ వచ్చింది: "సార్, ఇంకో పదకొండు ఉన్నయ్. పంపాల్నా?"

పంపమన్నాను. వచ్చేశాయి కూడా. మీరు కొంచెం పక్కకు జరిగితే చూస్తాను.

ఇట్లు,
మీ భారం మోసిన ఒక కమిటీ సభ్యుడు,
హన్మకొండ