ఒక్క అంకెతో కోర్సుని తూచలేం: ‘దేశంలో టాప్ టెన్ గోల్ఫ్ కోర్సులు’ జాబితాకి జవాబు

విశాఖలో గోల్ఫ్ ఆడేవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక జాబితా తిరుగుతోంది. ‘భారతదేశంలో టాప్ టెన్ గోల్ఫ్ కోర్సులు, ఇదే ఫైనల్’ అని పైన పెద్ద అక్షరాలు, కింద పది పేర్లు, ఆ పేర్లని ఎందుకు ఎంచారో ఆరు వాక్యాలు. పేర్లతో మాకు పెద్ద పేచీ లేదు. చాలావరకు మంచి కోర్సులే. పేచీ అంతా ఆ ఆరు వాక్యాలతోనే. వాటిని నమ్మితే మన విశాఖ ముడసర్లోవలో ఆట నేర్చుకుంటున్న కుర్రాడు తన కోర్సుని తనే తక్కువ చేసుకుంటాడు. సెలవు పెట్టి, విమానం టికెట్టు కొనుక్కుని వెళ్ళేవాళ్ళు తమ ఆటకి సరిపడని చోట వేలకు వేలు పోసి వస్తారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

‘స్లోప్ రేటింగ్ ఎంత ఎక్కువుంటే కోర్సు అంత గొప్పది’

ఆరింటిలో ఎక్కువ చేటు చేసేది ఇదే. అంకె ఉంది కాబట్టి లెక్క తేలిపోయినట్టు కనిపిస్తుంది. కానీ స్లోప్ అనేది కోర్సు నాణ్యతని కొలవదు. మొత్తం కష్టాన్ని కూడా కొలవదు. మంచి ఆటగాడికీ మామూలు ఆటగాడికీ మధ్య అంతరం ఆ కోర్సులో ఎంత పెరుగుతుందో మాత్రమే చెబుతుంది.

ఆ ఇద్దరూ ఎవరో రేటింగ్ పద్ధతిలోనే రాసి ఉంది. మగవాళ్ళలో స్క్రాచ్ ఆటగాడు, అంటే హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని బట్టి ఇచ్చే అదనపు షాట్లు) సున్నా ఉన్నవాడు, టీ (హోల్ మొదలుపెట్టే చోటు) నుంచి 250 గజాలు కొడతాడు, 470 గజాల దూరంలో ఉన్న గ్రీన్‌ని (గుంట ఉండే పొట్టి గడ్డి జాగా) రెండు షాట్లలో అందుకుంటాడు. బోగీ ఆటగాడి హ్యాండిక్యాప్ 20 దరిదాపుల్లో ఉంటుంది, టీ నుంచి 200 గజాలు కొడతాడు, రెండు షాట్లలో 370 గజాలు చేరతాడు. రేటింగ్ బృందం ప్రతి హోల్‌నీ ఈ ఇద్దరి దృష్టితో నడిచి చూసి రెండు అంకెలు తేలుస్తుంది: కోర్సు రేటింగ్ (స్క్రాచ్ ఆటగాడికి పట్టే షాట్లు), బోగీ రేటింగ్ (బోగీ ఆటగాడికి పట్టే షాట్లు). రెండింటి తేడాని 5.381తో హెచ్చిస్తే మగవాళ్ళ స్లోప్ వస్తుంది. ఆడవాళ్ళకైతే 4.24తో హెచ్చించాలి. కనిష్ఠం 55, గరిష్ఠం 155, ప్రామాణికం 113.

ఊహకి రెండు కోర్సులు తీసుకుందాం, రెండూ పార్ 72 (మంచి ఆటగాడు పూర్తిచేయాల్సిన షాట్లు). మొదటిదాని కోర్సు రేటింగ్ 72.0, బోగీ రేటింగ్ 96.2. తేడా 24.2, స్లోప్ 130. రెండోదాని కోర్సు రేటింగ్ 74.5, బోగీ రేటింగ్ 95.5. తేడా 21, స్లోప్ 113. జాబితా ప్రకారం మొదటిదే గొప్పది కావాలి. ఇప్పుడు హ్యాండిక్యాప్ ఇండెక్స్ 20 ఉన్న మనిషిని రెండింటిలోకీ పంపండి. ఇండెక్స్‌ని స్లోప్‌తో హెచ్చించి, 113తో భాగించి, కోర్సు రేటింగ్‌లోంచి పార్ తీసేయగా మిగిలింది కలపాలి. వచ్చేది ఆ కోర్సులో అతనికి ఇచ్చే అదనపు షాట్లు. మొదటి కోర్సులో 23 వస్తుంది. రెండోదాంట్లో 22.5, అంటే అదీ 23. అతనికి రెండూ ఒకటే. ఇండెక్స్ 2 ఉన్నవాడికి మొదటిదాంట్లో 2, రెండోదాంట్లో 4.5, అంటే 5. చేయి తిరిగిన ఆటగాడికి స్లోప్ తక్కువున్న కోర్సే ఎక్కువ కష్టం.

ఇంకో సంగతి. స్లోప్ పెంచడం డిజైనర్‌కి కష్టమైన పనేమీ కాదు. టీ నుంచి 210, 220 గజాల దాకా అడ్డంగా చెరువు పెడితే చాలు. స్క్రాచ్ ఆటగాడు దాని మీదుగా కొట్టేస్తాడు, బోగీ ఆటగాడు నీళ్ళలో వేస్తాడో ముందే ఆగిపోతాడో తప్పదు. అంతరం పెరిగింది, స్లోప్ పెరిగింది. ఆ హోల్‌లో ఆలోచించడానికి మాత్రం ఏమీ లేదు. అదే 260 గజాల దగ్గర, లైన్‌కి కాస్త పక్కగా ఒక బంకర్ (ఇసుక గుంట) పెడితే మంచి ఆటగాడు టీ మీద నిలబడి నిర్ణయం తీసుకోవాల్సి వస్తుంది. మామూలు ఆటగాడు దాని జోలికే పోడు. హోల్ బాగుపడింది, స్లోప్ మాత్రం పెరగలేదు. మంచి కోర్సుల్లో ఇలాంటి హోల్స్ ఎక్కువుంటాయి. జాబితా రాసినవాళ్ళు స్లోప్ అంకెకి పెద్దపీట వేసి సరిగ్గా వీటికే మార్కులు తగ్గించారు.

కార్డు మీద స్లోప్ ఒక్కటే ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ప్రతి టీకీ ఒకటి ఉంటుంది. ఏ టీ అన్నది చెప్పకుండా ‘ఈ కోర్సు స్లోప్ ఇంత’ అంటే, ఎన్నో సైజో చెప్పకుండా చెప్పుల ధర చెప్పినట్టే.

‘ఇండియన్ ఓపెన్ జరిగేదే నంబర్ వన్’

2017 నుంచి ఇండియన్ ఓపెన్ గురుగ్రామ్‌లోని డీఎల్ఎఫ్ గ్యారీ ప్లేయర్ కోర్సులో జరుగుతోంది. అది గట్టి పరీక్షే, అందులో అనుమానం లేదు. కానీ 2024లో అక్కడ కెయిటా నకజిమా పార్‌కి 17 తక్కువతో గెలిచాడు. 2025లో అదే కోర్సులో యూహేనియో చకార్రాకి 4 తక్కువే సరిపోయింది. కోర్సు అదే, డిజైనర్ అతనే, గెలిచిన స్కోరులో 13 షాట్ల తేడా. గాలి, రఫ్ (అంచుల్లో పెంచే గడ్డి) పొడవు, పిన్‌లు (గుంట గుర్తు కర్రలు) పెట్టిన చోటు, గ్రీన్‌ల గట్టిదనం ఇంత తేడా తెస్తాయి. టోర్నమెంటు వారంలో టీవీలో చూసిన కోర్సు ఆ వారానిదే. మీరు జులైలో వెళ్తే కనిపించేది వేరే కోర్సు.

పెద్ద టోర్నమెంటుకి చోటు ఎంచడంలో ఆటతో సంబంధం లేని అవసరాలు కూడా ఉంటాయి: ప్రేక్షకులు నడవడానికి దారి, వాహనాలు నిలపడానికి జాగా, ప్రసారం బళ్ళు, దగ్గర్లో హోటళ్ళు, విమానాశ్రయం. ఈ కొలతల్లో గురుగ్రామ్‌కి ఎక్కువ మార్కులు పడతాయి. దాన్నిబట్టి పద్నాలుగో హోల్ బాగుందో లేదో తేలదు.

‘7,000 గజాలు దాటనిది లెక్కలోకి రాదు’

ఢిల్లీ గోల్ఫ్ క్లబ్ లోధీ కోర్సు 7,000 గజాల లోపే. 2025 అక్టోబరులో అక్కడ డీపీ వరల్డ్ ఇండియా ఛాంపియన్‌షిప్ ఆడటానికి వచ్చిన రోరీ మెక్‌ల్రాయ్ ఆ వారమంతా డ్రైవర్‌ని (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్, అంటే కర్ర) పక్కన పెట్టాడు. ఫెయిర్‌వేలు (టీ నుంచి గ్రీన్ దాకా గడ్డి కోసిన దారి) సన్నం, రెండు పక్కలా ముళ్ళపొద. బంతి అందులోకి పోతే వెతుక్కునే పని కూడా ఉండదు. దూరం కొట్టడం కన్నా ఏ క్లబ్ తీయాలో తేల్చుకోవడమే అక్కడ ఆట. పొడవు లెక్కన లోధీని పక్కనపెట్టే జాబితాని ఎవరూ ఒప్పుకోరు. ఈ జాబితా దాన్ని రెండో స్థానంలో పెట్టింది, తన మాటని తనే తప్పింది.

గజాలు అన్ని ఊళ్ళలోనూ ఒకే దూరం కావు. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచబడి బంతి ఎక్కువ దూరం పోతుంది. ప్రతి వెయ్యి అడుగులకి సుమారు ఒక శాతం కంటే కాస్త ఎక్కువ అని గుర్తుంచుకుంటే పని జరుగుతుంది. సిమ్లా దగ్గర నాల్దేరా 2,200 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖలో 150 గజాలు పోయే షాట్ అక్కడ 160 దాటుతుంది. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడి 7,000 గజాలు మన సముద్రమట్టం దగ్గర 6,800 గజాలతో సమానం. కార్డు మీది అంకెలు పక్కపక్కన పెట్టి పోలిస్తే మన ఊరి కోర్సుకే అన్యాయం.

తేమగాలి బరువు కాబట్టి విశాఖలో బంతి పోదు అనే మాట కూడా ఈ సందర్భంలో వినిపిస్తుంది. తేమ ఎక్కువున్న గాలి నిజానికి కొంచెం తేలిక. ఇక్కడ బంతిని ఆపేది ఎదురొచ్చే సముద్రపు గాలి, వానాకాలంలో తడిసి బంతిని దొర్లనివ్వని ఫెయిర్‌వే.

‘రాయల్ కలకత్తా ప్రపంచంలోకెల్లా పాత క్లబ్’

కాదు. 1829లో మొదలైన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ బ్రిటిష్ దీవుల బయట అన్నిటికన్నా పాతది. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ క్లబ్ 1754 నాటిది. 1829 కూడా క్లబ్ పుట్టిన ఏడే, ఈనాటి కోర్సు వయసు కాదు. చరిత్రని గౌరవించాల్సిందే, అయితే అది ర్యాంకులో మార్కు కాదు.

‘పేరున్న విదేశీ డిజైనర్ వేస్తేనే’

లోధీ కోర్సుని 1970లలో పీటర్ థామ్సన్ తిరిగి దిద్దాడు. 2019లో గ్యారీ ప్లేయర్ బృందం మళ్ళీ మార్చింది. మరి అది ఎవరి కోర్సు? డిజైనర్ గీసిన గీత పదేళ్ళు నిలవాలంటే దాన్ని రోజూ కోసే మనిషి కావాలి. కోత యంత్రం ప్రతిసారీ అరడుగు లోపలికి తిరిగితే కొన్నేళ్ళకి గ్రీన్ కుంచించుకుపోతుంది, మూలల్లో పిన్ పెట్టే చోట్లు పోతాయి, బంకర్‌కి ఆనుకుని ఉండాల్సిన గ్రీన్ దానికి దూరం జరుగుతుంది. పేరు బోర్డు మీద అలాగే ఉంటుంది.

‘సముద్రం ఒడ్డు ఊళ్ళలో మంచి గ్రీన్‌లు నిలవవు’

విశాఖ పేరు ఎత్తకపోయినా ఇది మనకి తగిలే మాటే. పీజీటీఐ (దేశంలో ప్రొఫెషనల్ గోల్ఫర్ల టూర్) వాళ్ళ వైజాగ్ ఓపెన్ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో జరిగిందన్న సంగతి అటుంచి, గడ్డి సంగతే చూద్దాం.

మన దేశంలో గోల్ఫ్ గ్రీన్ మీద ఎక్కువగా ఉండేది మన గరిక కుటుంబమే. బెర్ముడా అని పిలిచేది గరికనే, టిఫ్‌డ్వార్ఫ్, టిఫ్‌ఈగల్ దాని సంకరాల్లో పొట్టి రకాలు. గరికకి కావలసింది వేడి, ఎండ. ఢిల్లీలో జనవరి రాత్రుళ్ళు 7, 8 డిగ్రీలకి పడిపోతే అది పెరగడం మానేసి రంగు మారుతుంది. అందుకే అక్కడ చలికాలంలో రై గడ్డి విత్తనం పైన చల్లుతారు. ఎండలు ముదిరేటప్పుడు రై చచ్చి గరిక తిరిగి లేచే ఆ కొన్ని వారాలు గ్రీన్‌లు మచ్చలు మచ్చలుగా ఉంటాయి. విశాఖలో ఆ బాధే లేదు. ఇక్కడి చలికి గరిక నిద్రపోదు. ఉప్పు సంగతా? గరిక ఉప్పుని బాగానే ఓర్చుకుంటుంది. నీళ్ళు మరీ ఉప్పగా ఉన్నచోట సీషోర్ పాస్పాలమ్ అనే గడ్డి ఉండనే ఉంది.

మన అసలు శత్రువు వానాకాలపు మబ్బు. వరసగా అల్పపీడనాలు పట్టి వారం రోజులు ఎండ మొహం కనిపించనప్పుడు, పోటీ ఉందని కోత ఎత్తుని 4 మిల్లీమీటర్ల నుంచి 3కి దించితే ఆకు చాలక గడ్డి నీరసిస్తుంది, ఖాళీల్లో పాచి పడుతుంది, తుంగ మొలుస్తుంది. మబ్బు రోజుల్లో ఎత్తు పెంచి, వేగం తగ్గితే తగ్గిందని ఒప్పుకోవడమే మందు. రెండో శత్రువు కింద నీరు నిలవడం. యూఎస్‌జీఏ (అమెరికా గోల్ఫ్ సంఘం) పద్ధతిలో కట్టిన గ్రీన్‌కి కింద 4 అంగుళాల కంకర, పైన 12 అంగుళాల ఇసుక మిశ్రమం, అడుగున 15 అడుగులు మించని ఎడంతో పైపులు ఉంటాయి. ఉన్న మట్టినే ఎత్తుగా పోసి కట్టిన గ్రీన్‌కి ఇవి ఉండవు. అప్పుడు ఏ ఊరైనా ఒకటే. ఒడ్డున ఉన్నందుకు పాడవదు, కింద బంకమట్టి ఉన్నందుకు పాడవుతుంది.

బంకర్ల విషయంలో మాత్రం ఒడ్డు ఊళ్ళు ఒక తప్పు చేసే వీలుంది. బీచ్ ఇసుక గుండ్రటి గింజ, ఒకదాన్నొకటి పట్టుకోదు, బంతి సగం దాకా దిగబడుతుంది. కోణాలున్న ఇసుక కావాలి, అడుగున 4 అంగుళాలు, గోడల మీద 2. కొండవాలు నుంచి ఎర్రమన్ను కొట్టుకొచ్చే చోట బంకర్ పై అంచున చిన్న గట్టు కట్టి నీటిని పక్కకి మళ్ళించకపోతే రెండు వానలకే ఇసుక గట్టిపడి అట్టకడుతుంది.

గ్రీన్ వేగం గురించి కూడా ఒక మాట, ఎందుకంటే జాబితా ‘12 అడుగుల స్టింప్’ అని మురిసిపోయింది. వేగాన్ని కొలిచేది 3 అడుగుల కడ్డీ, దానికి కింది చివర నుంచి 30 అంగుళాల దగ్గర గంటు. కడ్డీని మెల్లగా ఎత్తితే సుమారు 20 డిగ్రీల దగ్గర బంతి దొర్లుతుంది. సమంగా ఉన్న చోట ఒకవైపు మూడు, ఎదురువైపు మూడు బంతులు వదిలి, అవి దొర్లిన దూరానికి సగటు తీయాలి. అదే స్టింప్. ఒంపులు ఎక్కువున్న గ్రీన్‌ని 12కి తెస్తే 4 శాతం వాలు మీద బంతి ఆగదు, పిన్ పెట్టే చోట్లు సగమైపోతాయి. ఆ గ్రీన్‌కి 9 సరైన వేగం.

కోర్సులు పోల్చి చూడాలనుకునేవాళ్ళు ఇలా చేయండి. మీ ఫైవ్ ఐరన్ క్లబ్‌తో బంతి ఎంత దూరం పోతుందో దాన్ని 36తో హెచ్చించండి. 150 గజాలైతే 5,400. ఏ ఊరు వెళ్ళినా ఆ పొడవుకి దగ్గరగా ఉన్న టీ నుంచే ఆడండి. ఒకరోజు పొద్దున, ఒకరోజు మధ్యాహ్నం, కనీసం రెండు రౌండ్లు. కార్డు వెనక మూడు విషయాలు రాసుకోండి: గ్రీన్‌కి కొట్టిన షాట్లకి ఎన్ని రకాల క్లబ్‌లు తీశారు, టీ మీద ఎన్ని హోల్స్‌లో నిజంగా రెండు దారులు కనిపించాయి, తప్పు కొట్టాక ఎన్నిచోట్ల తేరుకునే వీలు దొరికింది. వాన పడితే గ్రీన్ మీద నీరు ఎంతసేపు నిలిచిందో గడియారం చూసి రాయండి. వెళ్ళేముందు క్లబ్‌కి ఫోన్ చేసి గాలి ఆడటానికి గ్రీన్‌లకి చిల్లులు కొట్టి ఎన్నాళ్ళయిందో అడగండి. రెండు వారాలు కాకపోతే ప్రయాణం వాయిదా వేసుకోండి, మానని గ్రీన్‌ని చూసి ఏ కోర్సుకీ మార్కులు వేయకూడదు. ఇక జాబితా ముందుకు పంపేవాళ్ళు ప్రతి పేరు పక్కనా ఏ టీ నుంచి, ఏ నెలలో, ఎంత హ్యాండిక్యాప్‌తో ఆడి ఆ స్థానం ఇచ్చారో రాసి పంపండి.