ఎందుకు ఆడావని తర్వాత అడగండి

ఈసారి ఒడిశాలో మన రాయగడ తెలుగువాళ్ల ఉగాది సభకు వచ్చినవాళ్లకు ఆ పది నిమిషాలు గుర్తుండే ఉంటాయి. పంచాంగ శ్రవణం అయింది, పచ్చడి కప్పులు చేతికొచ్చాయి. పిల్లల డ్యాన్సులకు ఇంకా టైం ఉందని మన పెద్దాయన ఒకరు మైకు తీసుకున్నారు. యువత గురించి మాట్లాడుతూ, "మన రాయగడ నుంచి బెంగళూరు వెళ్లిన కుర్రాడొకడు ఫోన్లో పేకాట ఆడి ఉన్నదంతా దొంగలకు ఇచ్చుకున్నాడు. జూదం సొమ్ము ఇంకెక్కడికి పోతుంది?" అన్నారు. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, హాల్లో సగం మంది మా అక్క వైపు తిరిగారు. అక్క కప్పులో పచ్చడి అలాగే ఉంది. దాన్ని కుర్చీ కింద పెట్టి, కొంగు సర్దుకుని, భోజనాలకు ఆగకుండా వెళ్లిపోయింది.

ఆ కుర్రాడు నా మేనల్లుడు. జరిగిందేమిటో నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

వాడు ఫోన్లో ఒక యాప్‌లో పోకర్ అనే పేకాట ఆడేవాడు. ఆఫీసు అయ్యాక, చిన్న చిన్న మొత్తాలతో. ఒక పొద్దున లేచి చూసేసరికి ఆ యాప్ ఖాతాలో ఉన్న నలభై ఆరు వేలు సున్నా అయ్యాయి. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు, అందరూ పడుకున్నాక, ఫోన్ నా ముందు పెట్టాడు. ఆ యాప్‌లో ఆడిన ప్రతి ఆటకూ చిట్టా ఉంటుంది. రాత్రి మూడు దాటాక తన పేరు మీద ఎవరో ఆడారు. చేతిలో ఏడు, రెండు, అవీ వేరే వేరే రంగులవి. "మావయ్యా, పోకర్‌లో ఇంతకంటే పనికిమాలిన చెయ్యి లేదు. ఇది వస్తే ఎవరైనా పడేస్తారు" అన్నాడు. ఆ చేతి మీద ఉన్న డబ్బు దాదాపు అంతా ఒడ్డారు. ఓడిపోయారు. మళ్లీ కొంచెం మిగిలితే ఇంకో చెత్త చేతి మీద మళ్లీ ఒడ్డారు. ప్రతిసారీ గెలిచింది ఒకే మనిషి.

నాకు రమ్మీ తప్ప ఏమీ రాదు. దొంగ ఓడిపోవడమేమిటని అడిగాను. డబ్బు డ్రా చేస్తే కేవైసీ ఉన్న మావాడి సొంత బ్యాంకు ఖాతాకే వెళుతుందట. అందుకని దొంగ డ్రా చేయడు. తన మనిషినే ఎదురుగా కూర్చోబెట్టి, కావాలని ఓడి, డబ్బు అటు తోసేస్తాడు. చిప్ డంపింగ్ అంటారట దాన్ని. కొత్త చోటునుంచి లాగిన్ అయ్యారని వచ్చిన మెయిల్‌ను కూడా దొంగే తీసేశాడు, ఎందుకంటే ముందు చొరబడింది మెయిల్‌లోకే. మెయిల్ చేతిలో ఉంటే దాని ద్వారా మిగతా ఖాతాల్లోకి దూరడం తేలిక.

మెయిల్‌లోకి ఎలా వచ్చాడన్న దగ్గర నా గొంతు పట్టేసింది. మన మెయిల్ ఏ ఏ లీకుల్లో ఉందో చూపే సైట్ ఒకటుంది. హావ్ ఐ బీన్ పోన్డ్ అని, ఆస్ట్రేలియాలో ట్రాయ్ హంట్ 2013లో పెట్టాడు. అందులో మావాడి మెయిల్ కొడితే, ఎప్పుడో కాలేజీ రోజుల్లో వాడి వదిలేసిన ఒక సైట్ లీకుల్లో కనిపించింది. అక్కడా ఇదే పాస్‌వర్డ్. దొంగలు అలా లీకైన చిట్టాలు పట్టుకుని, అదే మెయిల్‌నీ అదే పాస్‌వర్డ్‌నీ వందల సైట్లలో మిషన్ చేత కొట్టించి చూస్తారు. ఎక్కడ తలుపు తెరుచుకుంటే అక్కడ దూరతారు.

ఆ పాస్‌వర్డ్ పెట్టింది నేను. వాడు హాస్టల్‌కు వెళ్లేటప్పుడు, స్టేషన్ రోడ్డులో నెట్ సెంటర్‌లో కూర్చుని మెయిల్ చేసిచ్చాను. మన ఊరి అమ్మవారు మజ్జిగౌరమ్మ పేరు, పక్కన వాడు పుట్టిన సంవత్సరం. మార్కులు చూసుకోవడానికి అక్కకు కావాలి, టికెట్లు తీయడానికి నాకు కావాలి. గోడ మీద తెలుగు క్యాలెండర్ వెనక పెన్నుతో రాసి పెట్టాం. రైలు టికెట్లకు అదే, కరెంటు బిల్లుకు అదే, బావగారి పీఎఫ్‌కు అదే. గుమ్మం పైన తాళంచెవి పెట్టినట్టు పెట్టాం. ఆ తాళంచెవి ఎక్కడుంటుందో పక్కింటి పిన్నిగారికి కూడా తెలుసు, ఏ రోజూ మాకు ఏమీ పోలేదు. అలా బతకడం తప్పని నేను ఇప్పటికీ అనలేను. మన ఇళ్లలో దాపరికం లేకపోవడమే ప్రేమ. కానీ ఫోన్లో ఉన్న గుమ్మం ముందు రాయగడ వీధి ఉండదు, ముక్కూ మొహం తెలియని ప్రపంచమంతా నిలబడి ఉంటుంది.

పెద్దాయన బాధ నాకు అర్థం కాకపోలేదు. పండగ మూడు రోజులూ ముక్కలు పట్టుకుని కూర్చుని పొలాలు పోగొట్టుకున్నవాళ్లు మన కుటుంబాల్లోనే ఉన్నారు. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. మావాడి సంగతి దానికి ముందుది, ఇప్పుడు వాడు ఆడటం లేదు. అయితే ఆ చట్టం కూడా శిక్ష వేసేది ఆట నడిపేవాళ్లకు, ప్రకటనలు వేసేవాళ్లకు, డబ్బు లావాదేవీలు చేసిపెట్టేవాళ్లకు. ఆడిన మనిషికి శిక్ష లేదు. పార్లమెంటు వేయని శిక్ష మనం ఒక తల్లికి, ఉగాది పూట, మైకులో వేశాం.

నా బాధ పరువు గురించి మాత్రమే కాదు. డబ్బు పోయాక మావాడు పన్నెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు తెలిస్తే రాయగడ అంతా తెలుస్తుందని భయం. సైబర్ మోసాల ఫిర్యాదుల కోసం ఉన్న 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేస్తే డబ్బు ఇంకా చేతులు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది, గంటలు గడిచేకొద్దీ ఆ అవకాశం సన్నగిల్లుతుంది. వాడు ధైర్యం తెచ్చుకుని యాప్ కంపెనీకి రాసేసరికి ఎదుటి ఖాతా ఖాళీ. ఆ పన్నెండు రోజులు దొంగకు ఇచ్చింది మన నోళ్లే.

ఫిన్లండ్ పోకర్ ఆటగాడు యెన్స్ కుల్లోనెన్ సంగతి వాడే నాకు చెప్పాడు. 2013లో బార్సిలోనా టోర్నమెంటుకు వెళితే హోటల్ గదిలోంచి లాప్‌టాప్ మాయమై మళ్లీ ప్రత్యక్షమైంది. అతను సిగ్గుపడి ఊరుకోలేదు, అందరికీ చెప్పి, హెల్సింకీలో ఎఫ్-సెక్యూర్ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ వాళ్ల దగ్గరికి పట్టుకెళ్లాడు. అతని ముక్కలు దూరం నుంచి చూసే ప్రోగ్రాం అందులో దొరికింది. అంత పెద్ద ఆటగాడు నోరు విప్పబట్టే మిగతావాళ్లు జాగ్రత్తపడ్డారు.

మన పిల్లలు కూడా అలా మనకు చెప్పగలగాలి. రేపు పోయేది మిల్లులో రిటైరైన మావయ్యగారి పెన్షన్ కావచ్చు, ఎవరో అమ్మాయి ఫోటోలు కావచ్చు. అప్పుడు కూడా ఇలాగే మైకు పడతామా?

కార్తీక వనభోజనాలకు నాగావళి ఒడ్డున ఎలాగూ కలుస్తాం. వంటల దగ్గరే ఒక బల్ల వేయండి. ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టండి. మెయిల్‌కు ఇంకెక్కడా వాడని పొడుగాటి పాస్‌వర్డ్, దానికి రెండో తాళంగా టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్‌లో కూడా మనమేనని రుజువు అడిగేది), ఈ రెండే చేసి పంపించమనండి. మెయిల్ ఒక్కటి గట్టిగా ఉంటే మిగతావి ఒకటొకటిగా మార్చుకోవచ్చు. ఆ బల్ల దగ్గర ఎవరైనా తమకు జరిగింది చెబితే, ఎందుకు ఆడావని అడగకుండా, 1930కి చేశావా అని ముందు అడగండి.

మా ఇంట్లో క్యాలెండర్ వెనక కాగితం చింపేశాను. మేనల్లుడు కొత్త పాస్‌వర్డ్ పెట్టుకున్నాడు, వాళ్ల అమ్మకు కూడా చెప్పలేదు. ఆమె అడగలేదు.

కమిటీ వాళ్లకు ఒక్క మాట. వనభోజనాల పిలుపు కార్డు ప్రతి ఏడూ అక్కది కూడా నాకే ఇచ్చి పంపిస్తారు. ఈసారి నాకివ్వకండి. మీ ఇంట్లో ఆడవాళ్లను తీసుకుని అక్క ఇంటికి వెళ్లండి, బొట్టు పెట్టి పిలవండి.