బీరువా అడుగున పట్టా

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో, గుణుపురంలోనో, బరంపురంలోనో ఒక తెలుగు ఇంటి బీరువా తెరిస్తే, పెళ్లినాటి పట్టుచీరల అడుగున ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. పదో తరగతి మార్కుల జాబితా, బీఈడీ పట్టా, టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) ధ్రువపత్రం, ఒకప్పుడు పనిచేసిన బడి ఇచ్చిన అనుభవ పత్రం అందులో నలగకుండా భద్రంగా ఉంటాయి. ఆ ఇల్లాలు శ్రీకాకుళం జిల్లాలో చదువుకుంది, రెండు మూడేళ్లు పాఠాలు చెప్పింది, సరిహద్దు దాటి కోడలిగా వచ్చింది. పురుళ్లు, పసిబిడ్డలు, మంచాన పడిన మామగారు... చూస్తుండగానే ఏడెనిమిదేళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు చిన్నమ్మాయి కూడా బడికి వెళుతోంది. మళ్లీ పనిలో చేరాలని ఆమెకు ఉంది. ఇలాంటి ఇళ్లు మా పాఠకుల్లో ఎన్నో ఉన్నాయి.

ఆ సంచి పట్టుకుని ఏ ప్రైవేటు బడికి వెళ్లినా మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఇన్నేళ్లూ ఖాళీగానే ఉన్నారా? ఆ మాట అడిగేవారికి ఒక లెక్క గుర్తుచేయాలి. కేంద్రం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే మహిళలు అందుకు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటిపనిలో చేయి వేసే పురుషులు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. పిల్లలను, ముసలివారిని చూసుకోవడానికి పట్టే సమయం దీనికి అదనం. రోజుకు దాదాపు ఐదు గంటల చాకిరీని ఖాళీ అనడం అన్యాయం. ముప్ఫై మంది పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టాల్సిన ఉద్యోగానికి, ఇద్దరు బిడ్డలను సాకి ఒక రోగిని కనిపెట్టుకున్న అనుభవం పనికిరాదని ఎవరు తేల్చారు?

దేశంలో పదిహేనేళ్లు దాటిన మహిళల్లో శ్రామికశక్తిలో ఉన్నవారు 2017-18లో 23.3 శాతం. 2023-24 నాటికి 41.7 శాతానికి చేరారు. సంతోషమే. కానీ ఆ పెరుగుదలలో చాలా భాగం పల్లెల్లో సొంత పనులు, ఇంటి పొలంలో జీతం లేని సాయం. చదివిన చదువుకు తగిన కొలువు కోసం చూసే మన ఇల్లాలు ఆ అంకెలో ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఉద్యోగ విరామం ఎక్కడైనా కష్టమే. సరిహద్దు జిల్లాల్లో ఆ కష్టం రెట్టింపు. మూడేళ్లలో ముగియాల్సిన విరామాన్ని ఇక్కడ కాగితాలు పదేళ్లకు సాగదీస్తున్నాయి. ఒడిశా ప్రభుత్వ కొలువు కావాలంటే ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి. బడిలో ఒడియా చదువుకోని వారు ఎం.ఇ. స్థాయి, అంటే ఏడో తరగతి స్థాయి ఒడియా పరీక్ష గట్టెక్కాలి. ఈ నియమంతో మాకు పేచీ లేదు. ఒడియా పిల్లల ముందు నిలబడే ఉపాధ్యాయురాలికి ఒడియా రావలసిందే. మా ప్రశ్న వేరు. కోడలిగా వచ్చిన మనిషి దాన్ని ఎక్కడ నేర్చుకోవాలి? ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే, రెండో తరగతి చదివే కూతురి వాచకం పక్కన పెట్టుకుని తల్లి కూడా అక్షరాలు దిద్దుతోంది. మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉండి, నెత్తిన గొడుగు పట్టినట్టుండే ఆ లిపిని రాత్రి అంట్లు తోమాక కూర్చుని రాస్తోంది. ఒత్తు తప్పు రాస్తే కూతురే దిద్దుతోంది. ఆ పట్టుదలకు చేతులెత్తి నమస్కరిస్తున్నాం. ప్రభుత్వం మాత్రం దాన్ని ఆమె సొంత తిప్పలుగా వదిలేయడం తగదు.

అటునుంచి ఇటు వచ్చినవారిదే కాదు, ఇటునుంచి అటు వెళ్లినవారిదీ ఇదే గతి. పర్లాకిమిడి నుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో వచ్చే పాతపట్నానికి కోడలిగా వెళ్లిన అమ్మాయి, చదువంతా ఒడిశాలో సాగింది కాబట్టి, ఆంధ్రప్రదేశ్ నియామకాల్లో స్థానికురాలు కాకుండా పోతోంది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు స్థానికతను ప్రధానంగా చదివిన ప్రాంతాన్ని బట్టి తేలుస్తాయి. పుట్టింట తెలుగు, అత్తింట తెలుగు. ఉద్యోగం దగ్గరికి వచ్చేసరికి ఆమె పరాయిది.

నర్సుల సంగతి మరీ బాధాకరం. ఒక రాష్ట్ర నర్సింగ్ మండలిలో నమోదైన నర్సు మరో రాష్ట్రంలో పనిచేయాలంటే అక్కడి మండలిలో నమోదు చేయించుకోవాలి. పాతచోటి నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. చంటిబిడ్డను చంకన వేసుకుని రెండు రాష్ట్రాల కార్యాలయాల చుట్టూ తిరగగలిగే ఓపిక ఎందరికి ఉంటుంది? నర్సులు కావాలని ఆసుపత్రులు బోర్డులు పెడుతున్న ఊళ్లలోనే, చదువుకున్న నర్సులు ఇళ్లలో ఉండిపోతున్నారు.

ఈ మహిళలకు అందరూ ఇచ్చే సలహా ఇంట్లో ట్యూషన్లు చెప్పుకోమనో, పచ్చళ్లు పెట్టి అమ్ముకోమనో. ఒడిశాలో 2001 నుంచి నడుస్తున్న మిషన్ శక్తి మహిళా స్వయం సహాయక సంఘాలు ఎన్నో కుటుంబాలను నిలబెట్టాయి. ఆ పనులపై మాకు గౌరవం ఉంది. కానీ ఇంజెక్షన్ ఇవ్వడం నేర్చినవారికి ఆవకాయ పెట్టమని చెప్పడం, ఆమె చదువుకూ, ఆ చదువుకు తండ్రి చేసిన అప్పుకూ విలువ కట్టకపోవడమే.

2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి సెలవును 26 వారాలకు పెంచారు. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలన్నారు. మన ఊళ్ల బడుల్లో, నర్సింగ్ హోముల్లో చాలావాటికి యాభై మంది సిబ్బంది ఎక్కడిది? బజారులో నాలుగు సంస్థలు కలిసి ఒక గది అద్దెకు తీసుకుని, ఒక ఆయాను పెట్టుకోవడానికి చట్టం అడ్డురాదు. ఆ ఖర్చు నలుగురూ పంచుకోలేనంత పెద్దదీ కాదు.

మనసుంటే ప్రభుత్వాలు చేయగలవనడానికి దాఖలాలు ఉన్నాయి. టెట్ ధ్రువపత్రం ఒకప్పుడు ఏడేళ్లకే చెల్లిపోయేది. 2021లో కేంద్రం దాన్ని జీవితకాలానికి పొడిగించి, 2011 నుంచి వర్తింపజేసింది. మధ్యలో ఆగిన మహిళా శాస్త్రవేత్తలు తిరిగి పరిశోధనకు రావడానికి కేంద్ర శాస్త్ర, సాంకేతిక విభాగం 2002-03లోనే ప్రత్యేక పథకం తెచ్చింది. ప్రయోగశాలకు వర్తించిన న్యాయం ఆసుపత్రి వార్డుకూ తరగతి గదికీ ఎందుకు వర్తించకూడదు? పని మరిచిపోయి ఉంటారన్న అనుమానం ఉంటే, మూడు నెలలు జీతమిస్తూ తిరిగి నేర్పించే పద్ధతి పెట్టాలి.

ఇంట్లోవారికీ ఒక మాట. ఆమె జీతం వస్తే ఈఎంఐ తీరుతుందని లెక్కలు వేసే భర్త, పొద్దున కుక్కరు తానే పొయ్యి మీద పెట్టాలి.

రెండు రాష్ట్రాల నర్సింగ్ మండళ్లు సరిహద్దు జిల్లాల్లో నెలకొక రోజు శిబిరం పెట్టి నమోదు బదిలీలు అక్కడికక్కడే పూర్తిచేయాలి. వివాహంతో సరిహద్దు దాటిన మహిళల స్థానికతపై భువనేశ్వర్, అమరావతి కలిసి కూర్చుని మాట్లాడాలి. అది ఆలస్యం కావచ్చు. గజపతి, గంజాం, రాయగడ జిల్లాల యంత్రాంగాలు మాత్రం వచ్చే విద్యాసంవత్సరం లోపే సాయంత్రపు ఒడియా తరగతులు మొదలుపెట్టగలవు. ఏటా ఉగాది కవిసమ్మేళనాలు జరిపే మన తెలుగు సంఘాలు హాలు ఇచ్చి ముందుకు రావాలి. బడి గదులు సాయంత్రం ఖాళీగానే ఉంటాయి, విశ్రాంత ఒడియా మాస్టార్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. నేర్చుకునేవారి చేతుల్లో కూతుళ్ల వాచకాలు ఇప్పటికే ఉన్నాయి.